మూడో అభ్యర్థి ముచ్చట



సంక్రాంతికి మా ఇంట్లో పిల్లలంతా చేరారు. లెక్కపెడితే పదకొండుమంది. సాయంత్రం ఏం చెయ్యమంటారర్రా అని అడిగితే తలా ఒక మాటా అన్నారు. సరే, చేతులెత్తండి, దేనికి ఎక్కువ చేతులు లేస్తే అదే చేస్తానన్నాను. అయిదుగురు మిరపకాయ బజ్జీలన్నారు. నలుగురు బొబ్బట్లన్నారు. ఇద్దరు సేమ్యా పాయసమన్నారు. ఇంకేముంది, బజ్జీలకు మూకుడు పెట్టాను. మా చిన్న మనవరాలు మూతి ముడుచుకుని, "ఆరుగురం తీపి కావాలంటే కారం చేస్తావేమిటి నాయనమ్మా?" అంది. దాని లెక్క తప్పు కాదు. నా లెక్కా తప్పు కాదు. తీపి రెండు ముక్కలయింది, కారం నెగ్గింది.

మన దేశంలో ఎన్నికలయిన మర్నాడు పేపరు తీస్తే "ఓట్లు చీలాయి" అన్న మాట కనబడకుండా ఉండదు. అదే మాట అమెరికావాళ్ళు వాళ్ళ అధ్యక్ష ఎన్నికల విషయంలో దాదాపు రెండు వందల ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నారు. అక్కడి సంగతి మనకెందుకంటారేమో. మనలో ఎంతమంది పిల్లలు అక్కడ స్థిరపడలేదు చెప్పండి! పౌరసత్వం పుచ్చుకుని ఓట్లు కూడా వేస్తున్నారు. మా ఆడపడుచు కూతురు మిచిగాన్ రాష్ట్రంలో ఉంటుంది. 2016లో మొట్టమొదటిసారి ఓటు వెయ్యబోతూ నాకు ఫోను చేసింది. "అత్తయ్యా, నాకు పెద్ద పార్టీల వాళ్ళిద్దరూ నచ్చలేదు. మూడో పార్టీ అభ్యర్థికి వేస్తానంటే మీ అల్లుడుగారు, ఓటు చెత్తబుట్టలో పారేస్తావా అంటున్నారు. నిజంగా పారేసినట్టేనా?" అని అడిగింది. ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కొన్ని పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

ముందు అక్కడి పద్ధతి కాస్త తెలియాలి. అమెరికాలో అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకుంటారనుకుంటాం. అది సగమే నిజం. ప్రతి రాష్ట్రానికీ కొంతమంది ఎలక్టర్లని ఉంటారు. దేశం మొత్తం మీద 538 మంది. వాళ్ళలో 270 మంది ఎవరి పక్షాన నిలిస్తే వాళ్ళే అధ్యక్షులు. పెద్ద రాష్ట్రానికి ఎక్కువమంది, చిన్న రాష్ట్రానికి తక్కువమంది. 2024 ఎన్నికల్లో కాలిఫోర్నియాకు 54 మంది ఉంటే అలాస్కాకు ముగ్గురే. అసలు కిటుకు ఏమిటంటే, 48 రాష్ట్రాల్లోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ, ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లు మొత్తం ఆయనకే. రెండోవాడికి గుండుసున్న. మెయిన్, నెబ్రాస్కా అనే రెండు రాష్ట్రాలు మాత్రం నియోజకవర్గాల వారీగా కొంత పంచిపెడతాయి.

ఇలా అంతా ఒకరికే దఖలు పడే చోట మూడోవాడు నెగ్గడం కష్టం. 1852 మొదలుకుని జరిగిన ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ గెలుపు డెమొక్రాటిక్ పార్టీకో రిపబ్లికన్ పార్టీకో దక్కింది. మూడోవాడు నెగ్గడు. కానీ నెగ్గేవాణ్ణి మార్చగలడు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 2000 సంవత్సరం ఎన్నిక. రిపబ్లికన్ పార్టీ తరఫున జార్జి బుష్, డెమొక్రాటిక్ పార్టీ తరఫున అల్ గోర్ నిలబడ్డారు. గ్రీన్ పార్టీ అనే చిన్న పార్టీ తరఫున రాల్ఫ్ నాడర్ నిలబడ్డాడు. ఈ నాడర్ అల్లాటప్పా మనిషి కాదు సుమండీ. వృత్తికి లాయరు. కార్లు చేసే కంపెనీలు అందం మీద పెట్టే శ్రద్ధ ప్రాణరక్షణ మీద పెట్టడం లేదని 1965లో పుస్తకం రాశాడు. ఒక పెద్ద కార్ల కంపెనీ ఆయన వెనకాల గూఢచారుల్ని పంపింది. ఆ సంగతి బయటపడి, కంపెనీ అధ్యక్షుడు సెనేటు కమిటీ ముందు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 1966లో వాహన భద్రతకు చట్టం వచ్చింది. ఇవాళ కారెక్కగానే పిల్లలకు బెల్టు పెట్టుకోమని చెబుతున్నామంటే ఆ మంచి అలవాటు వెనక ఈయన పోరాటం కూడా ఉంది. కొనుగోలుదారుల హక్కుల కోసం జీవితమంతా ధారపోసిన మనిషి.

అలాంటివాడు 2000లో, రెండు పెద్ద పార్టీలూ డబ్బున్న కంపెనీల చెప్పుచేతల్లోనే ఉన్నాయి, రెండింటికీ తేడా లేదు అంటూ పోటీకి దిగాడు. గెలుస్తానని ఆయనా అనుకోలేదు. నూటికి 5 ఓట్లు తెచ్చుకుంటే వచ్చే ఎన్నికకు పార్టీకి ప్రభుత్వం నుంచి సొమ్ము వస్తుందని ఆశ. చివరికి దేశమంతా కలిపి వచ్చినవి నూటికి 3 కన్నా తక్కువ.

ఎన్నిక ఫలితం ఫ్లోరిడా రాష్ట్రం దగ్గర ఆగిపోయింది. అక్కడ 25 మంది ఎలక్టర్లు. వాళ్ళెవరికి దక్కితే వాళ్ళే అధ్యక్షులు. సుమారు 60 లక్షల మంది ఓటేశారు. అయిదు వారాల పాటు లెక్కలు, తిరిగి లెక్కలు, కోర్టులు. డిసెంబరు 12న సుప్రీంకోర్టు తిరిగి లెక్కించడం ఆపించింది. బుష్‌కు గోర్ కన్నా వచ్చిన ఆధిక్యం 537 ఓట్లు. అదే రాష్ట్రంలో నాడర్‌కు వచ్చినవి 97,488 ఓట్లు. దేశం మొత్తం మీద చూస్తే గోర్‌కే అయిదు లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ. అయినా అధ్యక్షుడు బుష్.

ఇక చూడండి, నిన్నటిదాకా నాడర్‌ను నెత్తిన పెట్టుకున్నవాళ్ళే దుమ్మెత్తిపోశారు. నీ పంతం కోసం కొంప ముంచావన్నారు. ఆయన మాత్రం తగ్గలేదు. గోర్ తన సొంత రాష్ట్రం టెనెసీలోనే ఓడిపోయాడు, అక్కడ గెలిచి ఉంటే ఫ్లోరిడాతో పనే లేదు గదా అన్నాడు. ఆ మాటా నిజమే. ఇంకో సంగతి. ఫ్లోరిడాలో సోషలిస్టు వర్కర్స్ పార్టీ అనే చిన్న పార్టీ ఉంది. దానికి వచ్చినవి 562 ఓట్లు. అవీ 537 కన్నా ఎక్కువే. ఆ పార్టీని తిట్టినవాళ్ళు ఎవ్వరూ లేరు.

అసలు నాడర్ లేకపోతే ఆ 97 వేలూ గోర్‌కే పడేవా? ఇక్కడే మనం తొందరపడకూడదు. ఓటు వేసి బయటికొచ్చినవాళ్ళను అడిగి చూస్తే, నాడర్‌కు వేసినవాళ్ళలో సుమారు సగం మంది గోర్‌కు వేసేవాళ్ళమన్నారు. కొందరు బుష్‌కన్నారు. మిగతావాళ్ళు అసలు ఓటుకే వచ్చేవాళ్ళం కాదన్నారు. మా ఇంటి పాయసం వాళ్ళను కూడా తర్వాత అడిగాను. ఒకడు పాయసం లేకపోతే బొబ్బట్టు తింటానన్నాడు. రెండోవాడు "నాకు బజ్జీలే" అన్నాడు! అంటే తీపి వాళ్ళు ఆరుగురనుకున్న మా మనవరాలి లెక్క అక్కడ తేలిపోయింది. అయితే ఫ్లోరిడాలో తేడా 537 మాత్రమే. అంత చిన్న తేడాకు 97 వేలలో కొద్దిపాటి మొగ్గు చాలు. అందుచేత నాడర్ లేకపోతే గోర్ గెలిచేవాడనే నా అభిప్రాయం. కానీ తప్పంతా నాడర్‌దే అంటే మాత్రం ఒప్పుకోను.

ఆ ఎన్నికలోనే జనం ఒక తమాషా ఉపాయం పన్నారు. ఫ్లోరిడాలాంటి పోటాపోటీ రాష్ట్రంలో ఉండే నాడర్ అభిమాని గోర్‌కు ఓటెయ్యాలి. బదులుగా, గోర్ గెలుపు ఖాయమైన రాష్ట్రంలో ఉండే గోర్ అభిమాని ఒకరు నాడర్‌కు వెయ్యాలి. మన కుండమార్పిడి పెళ్ళిళ్ళ లాగన్నమాట! ముఖం తెలియని మనుషులు ఇంటర్నెట్టులో మాట పుచ్చుకుని ఇలా ఓట్లు మార్చుకున్నారు. ఓటు అమ్ముకోవడంతో సమానమని కొన్ని రాష్ట్రాల అధికారులు కళ్ళెర్రజేశారు. చివరికి 2007లో ఒక అప్పీలు కోర్టు, ఇందులో డబ్బు చేతులు మారలేదు, ఇది అమ్మకం కాదు అని తేల్చింది.

ఈ పేచీ 2000తో పుట్టింది కాదు. 1844 నాటి కథ వింటే గుండె కలుక్కుమంటుంది. అప్పుడు అమెరికాలో బానిసత్వం ఉండేది. టెక్సాస్‌ను దేశంలో కలుపుకోవాలా వద్దా అన్నది ఆ ఎన్నికలో ప్రధాన సమస్య. కలుపుకుంటే బానిసల రాష్ట్రం మరొకటి పెరుగుతుంది. కలపాలన్నవాడు డెమొక్రాటిక్ అభ్యర్థి జేమ్స్ పోక్. విగ్ పార్టీ అభ్యర్థి హెన్రీ క్లే మొదట వద్దన్నాడు, తర్వాత కాస్త నీళ్ళు నమిలాడు. ఇద్దరి ఇళ్ళలోనూ బానిసలున్నారు. బానిసత్వం పోవాలన్నవాళ్ళు ఏం చెయ్యాలి? వాళ్ళు లిబర్టీ పార్టీ అని పెట్టుకుని జేమ్స్ బర్నీని నిలబెట్టారు. ఈ బర్నీ ఒకప్పుడు తనూ బానిసల యజమానే. మనసు మారి, తన దగ్గరున్నవాళ్ళను విడిచిపెట్టినవాడు.

న్యూయార్కు రాష్ట్రంలో పోక్‌కు క్లే కన్నా సుమారు 5,100 ఓట్లు ఎక్కువొచ్చాయి. బర్నీకి అక్కడ 15,800 పైచిలుకు వచ్చాయి. న్యూయార్కు ఎలక్టర్లు 36 మంది క్లేకు దక్కి ఉంటే అధ్యక్షుడు క్లే. దక్కలేదు. పోక్ గెలిచాడు. 1845లో టెక్సాస్ బానిస రాష్ట్రంగా చేరింది. మరుసటి ఏడు మెక్సికోతో యుద్ధం. బానిసత్వాన్ని అందరికన్నా ఎక్కువ ద్వేషించినవాళ్ళ ఓట్లే బానిసత్వం కోరేవాళ్ళ చేతికి అధికారం అప్పగించాయని విగ్ పార్టీవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. బానిసల యజమానికి మేం ఓటెలా వేస్తామన్నారు లిబర్టీ వాళ్ళు. ఎవరి మాట కాదనగలం చెప్పండి?

అయితే కథ అక్కడితో ఆగలేదు. 1848లో ఆ చిన్న పార్టీవాళ్ళు చాలామంది ఫ్రీ సాయిల్ అనే కొత్త పార్టీలో కలిశారు. ఈసారి నూటికి 10 ఓట్లు వచ్చాయి. 1854లో వాళ్ళూ, చెదిరిపోయిన విగ్ పార్టీవాళ్ళూ, మరికొందరూ కలిసి రిపబ్లికన్ పార్టీ పెట్టారు. 1860లో ఆ పార్టీ అభ్యర్థి అబ్రహాం లింకన్ అధ్యక్షుడయ్యాడు. లిబర్టీ పార్టీలో పనిచేసిన సామన్ చేజ్ అనే ఆయన లింకన్ దగ్గర ఆర్థిక మంత్రి అయ్యాడు. 1865లో బానిసత్వం రాజ్యాంగం ప్రకారమే రద్దయింది. 1844లో బర్నీకి పడిన ఓట్లు వృథా అయినట్టా, కానట్టా? ఆ ఏడాది వరకే చూస్తే నష్టం. ఇరవై ఏళ్ళు చూస్తే వేరే మాట. కానీ మధ్యలో ఆ ఇరవై ఏళ్ళూ సంకెళ్ళలో బతికినవాళ్ళు ఉన్నారు గదా, వాళ్ళకు ఏం చెబుతాం?

ఆడవాళ్ళ సంగతికొద్దాం. అక్కడ స్త్రీలకు ఓటే లేని రోజుల్లో, 1872లో, విక్టోరియా వుడ్‌హల్ అనే ఆవిడ సమాన హక్కుల పార్టీ పేరున అధ్యక్ష పదవికి నిలబడింది. పోలింగు నాడు ఆవిడ జైల్లో ఉంది. ఒక పెద్దమనిషి బాగోతం తన పత్రికలో అచ్చువేసిందని పట్టుకున్నారు. ఆవిడ ధైర్యానికి ముచ్చట పడతాం గాని ఫలితం మీద ఆ పోటీ ప్రభావం ఏమీ లేదు.

ప్రభావం చూపింది 1912 నాటి మూడో పార్టీ. థియొడోర్ రూజ్‌వెల్టు 1909 దాకా అధ్యక్షుడుగా చేసి, తన స్నేహితుడు టాఫ్టును గద్దె మీద కూర్చోబెట్టాడు. తర్వాత ఇద్దరికీ చెడింది. రిపబ్లికన్ పార్టీ మళ్ళీ టాఫ్టునే నిలబెట్టేసరికి రూజ్‌వెల్టుకు రోషం వచ్చి ప్రోగ్రెసివ్ పార్టీ అని సొంత కుంపటి పెట్టుకున్నాడు. ప్రచారంలో ఉండగా మిల్వాకీ ఊళ్ళో ఒకడు ఆయన గుండెల మీద తుపాకి పేల్చాడు. జేబులో మడిచిపెట్టుకున్న యాభై పేజీల ఉపన్యాసం కాయితాలూ, కళ్ళజోడు పెట్టే అడ్డొచ్చి ప్రాణం దక్కింది. ఒంట్లో గుండుతోనే ఆయన గంటకు పైగా ఉపన్యసించాడు. ఉపన్యాసం అంత పొడుగ్గా రాసుకోవడం వల్ల కూడా ఒక్కోసారి లాభముంటుంది కాబోలు!

రూజ్‌వెల్టుకు నూటికి 27, టాఫ్టుకు 23 ఓట్లు వచ్చాయి. కలిపితే 50. డెమొక్రాటిక్ అభ్యర్థి ఉడ్రో విల్సన్‌కు వచ్చినవి 42 లోపే. కానీ ఎలక్టర్లలో 435 మంది విల్సన్‌కే. రూజ్‌వెల్టుకు 88, గద్దె మీదున్న టాఫ్టుకు 8. అన్నదమ్ములు పొలం కోసం కొట్టుకుంటే పంట పొరుగువాడు కోసుకున్నట్టయింది.

ఆ ప్రోగ్రెసివ్ పార్టీ సభలో రూజ్‌వెల్టు పేరును బలపరుస్తూ మాట్లాడినవారిలో జేన్ ఆడమ్స్ అనే మహిళ ఉంది. షికాగోలో పేదల కోసం హల్ హౌస్ అనే సేవాసంస్థ నడిపిన ఆవిడ. తర్వాత 1931లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. స్త్రీలకు ఓటు, పసిపిల్లల చేత ఫ్యాక్టరీ పని మాన్పించడం, ముసలితనానికీ జబ్బుకూ బీమా, ఇవన్నీ ఆ పార్టీ ప్రణాళికలో ఉన్నాయి. పార్టీ నాలుగేళ్ళకే చప్పబడింది. కానీ దాని మాటల్ని పెద్ద పార్టీలు ఒక్కొక్కటే తీసుకున్నాయి. స్త్రీల ఓటు హక్కు 1920లో, వృద్ధాప్యపు పింఛను చట్టం 1935లో వచ్చాయి. కేవలం ఆ పార్టీ వల్లే వచ్చాయనను. ఓటు హక్కు కోసం ఆడవాళ్ళు డెబ్బై ఏళ్ళు పోరాడారు. కానీ నూటికి 27 ఓట్లు ఒక పక్కకు పోయినప్పుడు పెద్ద పార్టీలవాళ్ళకు చెవులు బాగా వినబడతాయి.

మన కాలానికి దగ్గరగా 1992లో రాస్ పెరో అనే టెక్సాస్ కోటీశ్వరుడు నిలబడ్డాడు. టీవీలో అరగంటల కొద్దీ కాలం కొనుక్కుని, చేతిలో పుల్ల పట్టుకుని, అట్టల మీద గీసిన పటాలు చూపిస్తూ, ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు చేస్తోందని బళ్ళో మాస్టారిలా పాఠం చెప్పాడు. జనం కళ్ళప్పగించి చూశారు. జూలైలో అలిగి తప్పుకుని అక్టోబరులో మళ్ళీ వచ్చాడు. అయినా కోటీ 97 లక్షల ఓట్లు వచ్చాయి, నూటికి 19 దాకా. ఎలక్టర్లు ఎంతమంది? ఒక్కరూ లేరు! ఆయన ఓట్లు దోసెపిండిలా దేశమంతా పలచగా పరుచుకున్నాయి, ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాలేదు. అదే 1968లో జార్జి వాలెస్ అనే ఆయనకు నూటికి 13 చిల్లర ఓట్లే వచ్చాయి గాని 46 మంది ఎలక్టర్లు దక్కారు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ వేరువేరుగా ఉండాలన్న మనిషి. ఆయన ఓట్లు దక్షిణాది రాష్ట్రాల్లో ముద్దగా పడ్డాయి. ఇద్దరు పెద్దవాళ్ళకీ 270 రాకుండా చేసి బేరం పెడదామన్నది ఆయన ఎత్తు. నిక్సన్‌కు 301 వచ్చి ఆ ఎత్తు పారలేదు. ఎన్ని ఓట్లు వచ్చాయన్నది కాదు, ఎక్కడ పడ్డాయన్నదే అక్కడ లెక్క.

పెరో వల్లే బుష్ తండ్రి ఓడిపోయి క్లింటన్ గెలిచాడని ఇప్పటికీ కొందరంటారు. కానీ ఆయన ఓటర్లను అడిగితే, పెరో లేకపోతే ఇద్దరికీ ఇంచుమించు సమానంగా వేసేవాళ్ళమన్నారు. అందుకని ఆ మాట నేను నమ్మను. ఆయన పాఠం మాత్రం వంటబట్టింది. 1998 నుంచి నాలుగేళ్ళ పాటు అమెరికా ప్రభుత్వానికి ఖర్చు పోను మిగులు కనబడింది.

మా ఆడపడుచు కూతురి సంగతి చెప్పలేదు గదూ. 2016లో మిచిగాన్‌లో డొనాల్డ్ ట్రంప్‌కు హిల్లరీ క్లింటన్ కన్నా వచ్చిన ఆధిక్యం 10,704 ఓట్లు. గ్రీన్ పార్టీ జిల్ స్టెయిన్‌కు అక్కడ 51 వేల పైన, లిబర్టేరియన్ పార్టీ గారీ జాన్సన్‌కు లక్షా 72 వేలు వచ్చాయి. స్టెయిన్ వల్ల హిల్లరీకి నష్టమన్నారు. జాన్సన్ లేకపోతే ఆ ఓట్లలో చాలా భాగం ట్రంప్‌కే పోయేవేమో, అది ఎవరూ అనరు. కాలిఫోర్నియాలో ఉన్న అమ్మాయి అదే ఓటు అదే మనిషికి వేస్తే ఇంట్లో ఎవరూ మాటనేవారు కారు. మిచిగాన్‌లో ఉన్నందుకు మా పిల్ల ఆలోచించుకోవలసి వచ్చింది. చివరికి ఎవరికి వేసిందో అది చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఫోను చేస్తే మాత్రం, ఓటు పారేసినట్టు కాదమ్మా, కానీ మీ రాష్ట్రంలో దానికి రెండు ధరలున్నాయి, రెండూ చూసుకుని వెయ్యి అని చెబుతాను.

2024లో మరో రకం ప్రభావం చూశాం. రాబర్ట్ కెన్నెడీ జూనియర్ స్వతంత్రుడుగా దిగి, ఆగస్టులో ప్రచారం ఆపేసి ట్రంప్‌ను బలపరిచాడు. 2025 ఫిబ్రవరిలో ఆరోగ్య శాఖ మంత్రి అయ్యాడు. చిత్రం ఏమిటంటే, తన పేరు తీసెయ్యండి మొర్రో అన్నా మిచిగాన్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఓటు కాయితం మీద ఆయన పేరు అలాగే ఉండిపోయింది.

ఈ చీలిక బాధకు మందు లేదా అంటే, మెయిన్ రాష్ట్రం వాళ్ళు ఒకటి పట్టుకున్నారు. అక్కడ ఓటరు ఒక్కరి పేరు గుర్తుపెట్టి ఊరుకోనక్కరలేదు. మొదట ఎవరు, ఆయన కాకపోతే ఎవరు, ఆయనా కాకపోతే ఎవరు అని వరసలు వెయ్యవచ్చు. ఎవరికీ సగానికి మించి రాకపోతే అట్టడుగున ఉన్నవాణ్ణి తీసేసి, ఆయన ఓట్లను ఆ ఓటర్లు రెండోదిగా రాసినవారికి కలుపుతారు. పాయసం కొట్టేసి, ఆ ఇద్దర్నీ మీకు రెండోది ఏమిటర్రా అని అడిగినట్టన్నమాట. అధ్యక్ష ఎన్నికకు ఈ పద్ధతి అక్కడ మొదటిసారి వాడింది 2020లో. ఆ ఏడాది బైడెన్‌కు రాష్ట్రంలో మొదటి లెక్కలోనే సగానికి మించి వచ్చాయి గనక రెండో లెక్కతో పనిబడలేదు. 2024 నవంబరులో ఇలాంటి పద్ధతి మాకూ కావాలా అని ఒరెగాన్, ఐడహో, కొలరాడో, నెవాడా రాష్ట్రాల్లో ఓటర్లనే అడిగారు. నాలుగు చోట్లా వద్దన్నారు.